అడగని పిల్లలే ఆపదలో ఉన్నారు

దుబ్బాక నుంచి డిగ్రీకో, బీటెక్‌కో, పీజీకో బయటికి వెళ్లిన పిల్లలున్న ప్రతి ఇంటికీ ఇది హెచ్చరిక. ఫోన్ చేసినప్పుడల్లా "మంచిగనే ఉన్ననమ్మా" అంటున్న బిడ్డను ఆ ఒక్క మాట నమ్మి వదిలేయకండి. ఫీజు బకాయి పడ్డా చెప్పరు. పాఠం తలకెక్కకపోయినా చెప్పరు. హాస్టల్లో ఎవరైనా కులం పేరెత్తి చిన్నబుచ్చినా చెప్పరు. ఇంటి పరిస్థితి తెలిసిన పిల్లలు కాబట్టే చెప్పరు. కాలేజీల్లో, యూనివర్సిటీల్లో విద్యార్థులకు సహాయం పేరుతో ఉన్న ఏర్పాట్లన్నీ వచ్చి అడిగేవాళ్ల కోసం కట్టినవి. మన పిల్లలకు అడగడం అలవాటు లేదు. ప్రమాదమంతా ఇక్కడే ఉంది.

ఈ ప్రాంతంలో చదువుకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో అందరికీ తెలిసిందే. మగ్గం, బీడీ, ఎకరమో రెండెకరాలో వరి. తల్లి వంట ముగించి చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. తడిపి ఆరబెట్టిన తునికాకును కొలత ప్రకారం కత్తెరతో కత్తిరిస్తుంది. తంబాకు పోసి, చుట్టి, దారం వేసి, మూతి మడుస్తుంది. వెయ్యి బీడీలు పూర్తయ్యేసరికి పొద్దు గూకుతుంది, నడుము పట్టేస్తుంది. తీరా తీసుకెళ్తే సరిగా లేవని కొన్ని పక్కన పడేస్తారు. ఆ నష్టం ఆమెదే. సెలవు రోజున ఆ తల్లి పక్కన కూర్చుని ఆకు కత్తిరించిన పిల్ల హైదరాబాద్ హాస్టల్లో మెస్ బిల్లు కట్టలేకపోతే ఇంటికి ఫోన్ చేసి డబ్బులు అడుగుతుందా? అడగదు. ఒక పూట తినడం మానేస్తుంది. జిరాక్స్ నోట్స్ కొనడం మానేస్తుంది. చివరికి క్లాసుకు వెళ్లడం కూడా మానేస్తుంది. అప్పటికీ ఇంట్లోవాళ్లకు "మంచిగనే ఉన్న" అన్న మాటే వినిపిస్తుంది.

ఇది ఊహించి రాస్తున్న భయం కాదు. మన కళ్లముందు జరిగిన చరిత్ర.

కళ్లముందే జరిగింది

2020 నవంబర్ 3న దుబ్బాక ఉప ఎన్నిక పోలింగ్. రాష్ట్రమంతా మన వైపే చూస్తోంది. సరిగ్గా ఆ ముందురోజు షాద్‌నగర్‌లో ఒక అమ్మాయి ప్రాణం తీసుకుంది. ఢిల్లీ లేడీ శ్రీరామ్ కాలేజీలో గణితం చదువుతున్న విద్యార్థిని. తండ్రి మోటార్ మెకానిక్, తల్లి బట్టలు కుడుతుంది. ఇంటర్‌లో 98 శాతం తెచ్చుకుని, ఐఏఎస్ కావాలని వెళ్లిన పిల్ల. లాక్‌డౌన్‌లో ఇంటికొచ్చాక ఆన్‌లైన్ క్లాసులకు ల్యాప్‌టాప్ లేదు. రావాల్సిన ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ నెలలు గడిచినా చేతికందలేదు. హాస్టల్ గది ఖాళీ చేయాల్సి వస్తుందన్న దిగులు తోడైంది. తన చదువు ఇంటికి బరువవుతోందని ఆమె రాసిపెట్టిన మాటలు ఆ తర్వాత దేశమంతా చదివింది. ఏ ఆత్మహత్యకూ కారణం ఒక్కటే ఉండదు. కానీ ఒక ల్యాప్‌టాప్, సమయానికి అందిన స్కాలర్‌షిప్, "గది సంగతి మేం చూసుకుంటాం" అన్న ఒక ఫోన్ కాల్, ఈ మూడూ ఎవరో ఒకరు చేయగలిగిన పనులే. ఆమె అడిగేదాకా ఎవరూ ఆగాల్సిన అవసరం లేదు.

గచ్చిబౌలిలోని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ చరిత్ర కూడా ఇదే చెబుతుంది. 2008లో తమిళనాడు నుంచి వచ్చిన దళిత పరిశోధక విద్యార్థి ఒకరు ఫిజిక్స్‌లో చేరి, గైడ్ దొరకక, ఫెలోషిప్ ఆగిపోయి, హాస్టల్లో ప్రాణం తీసుకున్నాడు. గైడ్‌ను కేటాయించే పద్ధతే స్పష్టంగా లేదని విచారణ కమిటీ తేల్చింది. అయిదేళ్లు తిరిగేసరికి, 2013లో, అదే క్యాంపస్‌లో కెమిస్ట్రీ పరిశోధకుడొకరు మళ్లీ గైడ్ సమస్యతోనే నలిగి చనిపోయాడు. 2016 జనవరి 17న రోహిత్ వేముల. గుంటూరు నుంచి వచ్చిన ఆ పరిశోధకుడికి నెలల తరబడి ఫెలోషిప్ ఆగింది. మరో నలుగురితో పాటు హాస్టల్ నుంచి వెళ్లగొడితే క్యాంపస్‌లోనే గుడారం వేసి, దానికి వెలివాడ అని పేరు పెట్టుకున్నారు. తనకు రావాల్సిన ఏడు నెలల ఫెలోషిప్, లక్షా డెబ్భై అయిదు వేల రూపాయలు, ఇంటికి అందేలా చూడమని రోహిత్ చివరి ఉత్తరంలో కోరాడు. ప్రాణం పోయే వేళ కూడా బకాయి లెక్క గుర్తుపెట్టుకోవాల్సి వచ్చిందంటే ఆ బకాయి ఎంత బరువుగా కూర్చుందో అర్థం చేసుకోవాలి.

మూడు మరణాల మధ్య ఎనిమిదేళ్లు. మొదటిదానికి కమిటీ వేశారు, అయినా రెండోదీ మూడోదీ ఆగలేదు. ఆఫీసు ఉంది, అధికారి ఉన్నాడు, ఫైలు ఉంది. విద్యార్థి గది తలుపు తట్టిన మనిషి మాత్రం లేడు.

పెండింగ్ అనే ఒక్క మాట

పేదింటి విద్యార్థికి చదువు సాయం అంటే ముందుగా గుర్తొచ్చేది ఫీజు రీయింబర్స్‌మెంట్. దాని దారి ఇలా ఉంటుంది. కాలేజీలో చేరాక సర్కారు స్కాలర్‌షిప్ పోర్టల్ ఈపాస్‌లో దరఖాస్తు. కులం, ఆదాయం సర్టిఫికెట్లు. మీసేవలో వేలిముద్ర. కాలేజీ ఆఫీసులో హార్డ్ కాపీ. ప్రిన్సిపాల్ లాగిన్ నుంచి సంక్షేమ శాఖకు, అక్కడి నుంచి బిల్లు ట్రెజరీకి. బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు లేకపోయినా, పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా మధ్యలో ఆగిపోతుంది. ఎక్కడ ఆగినా విద్యార్థికి ఫోన్‌లో కనిపించేది పెండింగ్ అనే ఒక్క మాటే. అన్నీ సరిగ్గా ఉండి బిల్లు పాసైనా సర్కారు నిధులు విడుదల చేసేదాకా డబ్బు రాదు. ఈ బకాయిల కోసమే 2025 నవంబర్ 3 నుంచి రాష్ట్రంలో ప్రైవేటు కాలేజీలు బంద్ పాటించాయి. ప్రభుత్వానికీ యాజమాన్యాలకూ మధ్య చర్చలు జరిగి తలుపులు తెరుచుకున్నాయి. ఆ చర్చల బల్ల దగ్గర విద్యార్థికి కుర్చీ లేదు.

కాలేజీకి సర్కారు బాకీ పడితే కాలేజీ ఆ బాకీని విద్యార్థి నెత్తిన రుద్దుతోంది. హాల్ టికెట్ కావాలంటే ముందు ఫీజు కట్టాలి. కోర్సు పూర్తయ్యాక టీసీ, మెమోలు కావాలంటే డ్యూ క్లియర్ చేయాలి. ఉద్యోగానికి జాయినింగ్ తేదీ దగ్గరపడుతుంటే కౌంటర్ దగ్గర నిలబడ్డ పిల్లాడికి "మీ రీయింబర్స్‌మెంట్ రాలేదు, నువ్వు కట్టి తీసుకపో, సర్కారు ఇచ్చినంక మేమిస్తం" అని జవాబు వస్తుంది. తండ్రి అయిదు రూపాయల వడ్డీకి అప్పు తెస్తాడు. ఉచిత చదువు అనుకున్నది అలా అప్పు చదువు అవుతుంది.

తల్లిదండ్రులు ఇక్కడ ఒక సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. సీటు రాగానే "ఫీజంతా సర్కారే కడతది" అనుకోవద్దు. ఇంజనీరింగ్‌లో పదివేల లోపు ర్యాంకు రాని బీసీ విద్యార్థికి సాధారణంగా 35,000 రూపాయల వరకే వస్తుంది. మిగతాది ఇంటివాళ్లే కట్టాలి. మేనేజ్‌మెంట్ కోటాకు రీయింబర్స్‌మెంటే వర్తించదు. హాజరు 75 శాతం తగ్గితే స్కాలర్‌షిప్ పోతుంది. చేరిన రోజే ఈ లెక్క రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. మధ్యలో తెలిస్తే తట్టుకోవడం కష్టం.

బీడీ కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ ఇచ్చే స్కాలర్‌షిప్ ఒకటుంది. జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు చేసుకోవాలి. డిగ్రీ, పాలిటెక్నిక్ చదివేవాళ్లకు ఏడాదికి 6,000, ఇంజనీరింగ్, మెడిసిన్ లాంటి వృత్తి కోర్సులకు 25,000 రూపాయలు. తల్లి పేరునో, తండ్రి పేరునో బీడీ కార్మికుల గుర్తింపు కార్డు ఉండాలి, కుటుంబ ఆదాయానికి పరిమితి ఉంది. ఇంకో స్కాలర్‌షిప్‌తో కలిపి రెండూ తీసుకోవచ్చో లేదో ముందే అడిగి తెలుసుకోవాలి. నడుము వంచి పనిచేసిన తల్లి కష్టం మీద పిల్లకు దక్కిన హక్కు ఇది. గడువు దాటిపోయిందన్న కారణంతో పోగొట్టుకోకూడదు.

సంక్షేమ హాస్టళ్ల మెస్ చార్జీలను 2024 చివర్లో పెంచారు. ఇంటర్ నుంచి పీజీ వరకు నెలకు 1,500 ఉన్నది 2,100 అయింది. రోజుకు 70 రూపాయలు. మూడు పూటల తిండికి ఆ 70 కూడా సమయానికి రాకపోతే వార్డెన్ కిరాణా కొట్టులో అప్పు పెడతాడు, కూరలో నీళ్లు పెరుగుతాయి. హాస్టల్ సీటే దొరకని పిల్లలు స్నేహితుడి గదిలో సర్దుకుంటారు. వాళ్ల పేరు ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు. రిజిస్టర్‌లో లేనివాడు నాలుగు రోజులు కనిపించకపోయినా వెతికే బాధ్యత ఎవరికీ ఉండదు. అందరికంటే ఎక్కువ ప్రమాదంలో ఉన్నది ఇలాంటి పిల్లలే.

మొదటి సెమిస్టరే కీలకం

డబ్బు తర్వాత పెద్ద గండం భాష. పదో తరగతి దాకా తెలుగులో చదివి, ఇంటర్ అంతా నోట్స్ బట్టీ పట్టి గట్టెక్కిన పిల్ల, యూనివర్సిటీ క్లాసులో గంటసేపు ఇంగ్లిష్ లెక్చర్ వింటుంది. ఊళ్లో అందరికంటే తెలివైనది. ఇక్కడ మొదటి ఇంటర్నల్‌లో తప్పుతుంది. తప్పింది భాష దగ్గర. ఆమె మాత్రం తన తెలివే చాలదేమో అనుకుంటుంది. ఆ అనుమానం ఒకసారి మనసులో పడితే క్లాసులో ప్రశ్న అడగదు, లైబ్రరీలో సహాయం అడగదు, గుంపులో కూర్చోదు. రెండో సెమిస్టర్‌కు బ్యాక్‌లాగ్‌లు పేరుకుంటాయి. మూడో సెమిస్టర్‌కు ఇంటికి రావడం తగ్గిస్తుంది. ఆదుకోవాల్సింది మొదటి సెమిస్టర్‌లోనే. మొదటి ఇంటర్నల్ మార్కులు, మొదటి రెండు నెలల హాజరు, ఈపాస్ స్టేటస్, ఈ మూడూ కాలేజీ కంప్యూటర్‌లోనే ఉన్నాయి. మూడింట్లో ఏ రెండు దెబ్బతిన్నా ఆ విద్యార్థిని పిలిచి మాట్లాడడానికి కొత్త పథకం అక్కర్లేదు, కొత్త జీవో అక్కర్లేదు.

అమెరికాలోని అట్లాంటాలో జార్జియా స్టేట్ యూనివర్సిటీ చేసింది ఇలాంటి పనే. కొద్దిపాటి ఫీజు బాకీ వల్ల పేరు కొట్టేయాల్సి వస్తున్న విద్యార్థుల జాబితాను 2011 నుంచి తానే తీసి, దరఖాస్తు అడగకుండానే ఆ బాకీని గ్రాంటుగా జమ చేయడం మొదలుపెట్టింది. ఒక్కొక్కరికి సగటున వెయ్యి డాలర్ల లోపే. అంత చిన్న మొత్తంతో వేలమంది చదువు నిలబడింది. మన దేశంలో ఏం జరిగింది? 2024లో 17,500 రూపాయలు గడువులోగా కట్టలేక ఒక దళిత కూలీ కొడుకు ధన్‌బాద్ ఐఐటీ సీటు పోగొట్టుకున్నాడు. సుప్రీంకోర్టు దాకా వెళ్లి సీటు తెచ్చుకున్నాడు. ఆ ధైర్యానికి దండం పెట్టాలి. కానీ ప్రతి పిల్లాడూ ఢిల్లీ కోర్టు మెట్లెక్కగలడా?

చట్టం చేతిలో ఉంది

సహాయం ఎవరి దయా కాదు. 2012 యూజీసీ నిబంధనల ప్రకారం ప్రతి ఉన్నత విద్యాసంస్థలో సమాన అవకాశాల విభాగం, వివక్ష ఫిర్యాదులు తీసుకునే అధికారి ఉండాలి. ఫిర్యాదును 60 రోజుల్లో తేల్చాలి. అవి కాగితాల మీదే మిగిలాయని రోహిత్ తల్లి రాధికా వేముల, ముంబైలో కూతురు పాయల్‌ను పోగొట్టుకున్న అబేదా తడ్వి 2019లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2026 జనవరిలో యూజీసీ కొత్త నిబంధనలు తెచ్చింది. ఆ నెల 29న సుప్రీంకోర్టు వాటిని నిలిపేసి, 2012 నిబంధనలే కొనసాగాలని చెప్పింది. కాబట్టి కొత్తవి ఆగాయి గనుక మాకేం బాధ్యత లేదని ఏ కాలేజీ తప్పించుకోవడానికి వీల్లేదు.

విశాఖలో నీట్‌కు చదువుతూ చనిపోయిన ఒక అమ్మాయి కేసులో 2025 జూలై 25న సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థ అర్హత ఉన్న కౌన్సెలర్‌నో, సైకాలజిస్ట్‌నో, సామాజిక కార్యకర్తనో నియమించాలి. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో, తరగతుల్లో పెద్ద అక్షరాలతో కనిపించాలి. అట్టడుగు వర్గాల పిల్లలతో ఎలా మెలగాలో సిబ్బందికి శిక్షణ ఇవ్వాలి. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారన్న జాతీయ నేర గణాంకాల బ్యూరో లెక్కను ఆ తీర్పే ఎత్తి చూపింది. విద్యార్థుల ఆత్మహత్యలపై జస్టిస్ రవీంద్ర భట్ అధ్యక్షతన టాస్క్‌ఫోర్స్ వేసిన కేసులో 2026 జనవరిలో అదే కోర్టు మరో మెట్టు ఎక్కింది. పెండింగ్ స్కాలర్‌షిప్‌లు నాలుగు నెలల్లో తీర్చాలంది. స్కాలర్‌షిప్ ఆలస్యమైందని ఏ విద్యార్థినీ పరీక్షకు ఆపకూడదు, హాస్టల్ నుంచి పంపకూడదు, క్లాసుకు రానివ్వకుండా ఉండకూడదు, మార్కుల మెమోలు, సర్టిఫికెట్లు పట్టి ఉంచకూడదని తేల్చి చెప్పింది. ఒరిజినల్స్ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. కౌంటర్ దగ్గర నిలబడే ప్రతి విద్యార్థికీ ఈ సంగతి తెలియాలి.

ఈ వారమే చేయాల్సినవి

కాలేజీలకు, యూనివర్సిటీలకు: మొదటి తరం విద్యార్థుల జాబితా తీయండి. హాజరు, మార్కులు, స్కాలర్‌షిప్ మూడూ కలిపి నెలకోసారి చూడండి. వెనకబడ్డవాళ్లను మీరే పిలవండి, తెలుగులో మాట్లాడండి. కౌన్సెలర్ గది మేడ మీద మూలన తాళం వేసి ఉంటే అది ఉన్నట్టు కాదు. వివక్ష ఫిర్యాదులు తీసుకునే అధికారి పేరు, ఫోన్ నంబరు హాస్టల్ గోడ మీద రాయండి.

ప్రభుత్వానికి: కోర్టు చెప్పిన మాట అమలు చేయండి. ఫీజు బకాయి కాలేజీకీ సర్కారుకీ మధ్య లెక్క. హాల్ టికెట్, టీసీ ఆపిన కాలేజీ మీద చర్య తీసుకోండి. మెస్ డబ్బు ప్రతి నెలా పదో తారీఖు లోపు పడేలా చూడండి. తిండి డబ్బును నిధుల కొరత పేరుతో ఆపే హక్కు ఏ శాఖకూ లేదు.

తల్లిదండ్రులకు: "తిన్నవా, చదువుతున్నవా" అని అడిగి ఊరుకోకండి. "మెస్ బిల్లు కట్టినవా? స్కాలర్‌షిప్ ఏడిదాక వచ్చింది? ఎవరన్న ఏమన్న అంటున్నరా?" అని విడమర్చి అడగండి. పరీక్ష తప్పితే కొంపేం మునగదని, తిరిగి ఇంటికొస్తే ఎవరూ ఏమీ అనరని ఇప్పుడే, అవసరం రాకముందే చెప్పండి. నిద్ర పట్టడం లేదన్నా, ఫోన్ ఎత్తడం మానేసినా, తన వస్తువులు పంచిపెడుతున్నా, నేను భారమయ్యాను అన్న మాట ఒక్కసారి నోట వచ్చినా ఆలోచిస్తూ కూర్చోవద్దు. బస్సెక్కి వెళ్లండి.

విద్యార్థులకు: సహాయం అడగడం చేయి చాచడం కాదు. రీయింబర్స్‌మెంట్ నీ హక్కు, కౌన్సెలర్ నీ హక్కు, గౌరవం నీ హక్కు. మనసు బాగోలేకపోతే టెలీ మానస్ 14416కు ఏ వేళైనా తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు ఖర్చు లేదు. ర్యాగింగ్ జరిగితే 1800 180 5522. ఎస్సీ, ఎస్టీలపై వేధింపులకు 14566. నీ పక్క గదిలో భోజనానికి రాని పిల్లాడుంటే నువ్వే వెళ్లి తలుపు తట్టు.

ఇక దుబ్బాకకు. ఈ ఊళ్లోంచి ఉస్మానియాలో, సెంట్రల్ యూనివర్సిటీలో చదివి ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు ఉన్నారు. టీచర్లున్నారు, లాయర్లున్నారు, మహిళా సంఘాలున్నాయి, చేనేత సంఘాలున్నాయి. ఒక్కో సీనియర్ ఇద్దరు ముగ్గురు కొత్త పిల్లలను పట్టుకుంటే చాలు. వారానికి ఒక ఫోన్, ఈపాస్ సందేహం వస్తే ఒక జవాబు, అడ్డం పడ్డ ఫీజుకు సంఘం నుంచి చేబదులు. ఎవరెవరు ఎక్కడ చదువుతున్నారో వాడవాడకూ జాబితా రాయండి. ఆ జాబితాలో పేరు లేని పిల్లలను ముందు వెతకండి. పరీక్ష ఫీజు గడువులు దగ్గరికొచ్చే కాలంలో పిల్లలు అందరికంటే ఎక్కువ ఒంటరివాళ్లవుతారు. ఆ గడువుకు ముందే వాళ్లకు ఫోన్ చేయండి, ఇవాళే చేయండి. పిల్లలు అడిగేదాకా ఆగుదామనుకుంటే మనకు అందేది వాళ్ల ప్రశ్న కాకపోవచ్చు, కబురు కావచ్చు.